టెంపో ఆయన

ముందు అద్దం తుడిచాడు, తరవాత పక్క అద్దాలు. బండి చుట్టూ ఒకసారి తిరిగి నాలుగు టైర్లనీ కాలితో తన్ని చూశాడు. చివరికి ఎడమవైపు వెనక చక్రం దగ్గర గొంతుకూర్చున్నాడు. అక్కడ చక్రానికి ఆనించి అడ్డుచెక్క ఉంది. జానెడు పొడుగు, బెత్తెడు ఎత్తు, ఒకవైపు వాలుగా కోసిన గట్టి కర్ర. పదకొండేళ్ళుగా అదే టైరు అదే చోట ఒరుసుకుని ఆ వాలులో చిన్న గుంట పడింది. బండికి హ్యాండ్ బ్రేక్ పట్టడం మానేసి చాలా కాలమైంది. బాగు చేయించాలి. చెక్క ఉంది కదా, వచ్చే నెల చూద్దాం అనుకుంటూ వచ్చాడు. అలాంటి వచ్చే నెలల మీదే మనలాంటివాళ్ళ బతుకులు నిలబడి ఉంటాయి.

చెక్క లాగి లేస్తుంటే ఛాతీలో అది మళ్ళీ వచ్చింది. నొప్పి కాదు. చీకట్లో ఇంకో మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేకపోయినట్టు, లోపలేదో ఒక్క అడుగు జారింది. తలుపు పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం ఉంది. నిన్న సాయంత్రం డాక్టరు రాసిచ్చినది. రేపు పొద్దున ఆసుపత్రిలో చేరాలి, ఈలోగా ఏమీ ఎత్తకూడదు. "నీళ్ళ బకెట్ కూడానా?" అని నవ్వుతూ అడిగాడు. డాక్టరు నవ్వలేదు.

భార్య అన్నం డబ్బా తెచ్చి సీటు మీద పెట్టింది. "ఏమండీ, మబ్బు పట్టింది. పట్టా వేసుకున్నారా?"

"ఆఁ."

"మొహమేంటి అలా ఉంది?"

"ముప్ఫై ఏళ్ళుగా ఇలాగే ఉంది. నువ్వే ఇవాళ చూశావు."

"చాల్లెండి సంబడం" అని లోపలికి పోయింది. ఆమెకి చెప్పలేదు. చెబితే సాయంత్రానికల్లా బండి అమ్మించేస్తుంది. మొండిది, మంచిది. ఆ రెండూ ఒకే మనిషిలో ఉంటే ఎవడూ తప్పించుకోలేడు.

బండి పోతే పొట్ట ఎలాగోలా గడుస్తుంది. అతని భయం వేరే. బండి పోతే తననెవరు ఏమని పిలుస్తారు? అయిదో తరగతిలో బడి మానేసి లారీ మీద క్లీనరుగా ఎక్కాడు. ముందు పోయే బళ్ళ వెనకాల రాతలు కూడబలుక్కుని మిగతా చదువు ముగించాడు. టెంపో కొన్నాక అతని పేరు ఎవరికీ అవసరం పడలేదు. వీధికి టెంపో ఆయన, అత్తగారికి టెంపో అల్లుడు. కూతుర్ని బళ్ళో నాన్న పేరేమిటని అడిగితే ఆ పిల్ల కూడా "టెంపో" అని చెప్పి క్లాసంతా నవ్వించింది. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే అందరికంటే గట్టిగా నవ్వింది అతనే.

మలుపులో బావమరిది ఎక్కాడు. సీట్లో కూలబడుతూనే మొదలుపెట్టాడు. "నిన్న సినిమాకెళ్ళా బావా. ఫస్టాఫ్ అదిరింది. సెకండాఫ్‌లో టెంపో పడిపోయింది."

"ఎవరికైనా దెబ్బలు తగిలాయా?"

"ఆ టెంపో కాదు బావా! ఊపు. కథలో ఊపు."

"మరి ఊపు అని చావొచ్చుగా."

ఆ రోజు బేరం ఒక్కటే. సంగీతం టీచరమ్మ పియానోని రెండో అంతస్తు నుంచి దించి, గుట్ట మీది బడికి చేర్చాలి. ఆమె వేళ్ళు వంకర్లు పోయాయి, ఇంక వాయించలేదు. సాయంత్రానికి ఆ ఇల్లు ఖాళీ చేసి తాళం ఇచ్చెయ్యాలి. పియానో బడికిచ్చేసింది. నెల కిందటే ఆమెకి మాటిచ్చాడు. ఇద్దరు కూలీల్ని రమ్మన్నాడు కూడా. వచ్చింది ఒక్కడే, వాణ్ణి అందరూ పొట్టివాడు అంటారు. రెండోవాడు ఫోనే ఎత్తలేదు.

గదిలో పియానో ఒక్కటే మిగిలింది. గోడకి ఆనించి ఉంది, నల్లగా, బీరువా అంత. అన్నీ తీసేసిన ఆ గదిలో అది అందరూ వెళ్ళేదాకా ఆగి ఏదో చెప్పాలని చూస్తున్న మనిషిలా ఉంది.

"ముగ్గురం సరిపోతామా?" అన్నాడు పొట్టివాడు.

"ఇద్దరమే కదరా" అనబోయి మింగేశాడు. దుప్పట్లు చుట్టాడు, పట్టీలు బిగించాడు. పై కొస తనే పట్టుకున్నాడు.

మెట్లు ఇరుకు. కింద బావమరిది, పొట్టివాడు, పైన తను. ఒక్కో మెట్టుకీ ముగ్గురూ ఒకే మాట. "మెల్లగా... మెల్లగా... మెల్లగా." పియానో కడుపులో తీగలు ప్రతి మెట్టుకీ ఒకసారి మూలిగాయి. మెట్ల మలుపులో దాన్ని దించారు. బావమరిది, పొట్టివాడు బండిలో గోనెసంచులు పరవడానికి కిందికి పోయారు. అతను మెట్టు మీద కూర్చున్నాడు. చెమట చల్లగా పట్టింది.

టీచరమ్మ పైమెట్టు మీద నిలబడి నవ్వింది. "దాన్ని పేరుపెట్టి పిలుస్తున్నారయ్యా మీరు."

"ఏంటమ్మా?"

"పియానో అంటే ఇటలీ భాషలో మెల్లగా అనే. మెల్లగానూ, గట్టిగానూ పలికే వాయిద్యం అని మొదట పెద్ద పేరుండేది. జనం గట్టిగాని వదిలేసి మెల్లగాని ఉంచుకున్నారు."

"ఇంత బరువుకి మెల్లగా అని పేరా! పెట్టినవాడెవడో మోసినవాడు కాదమ్మా."

"నీ బండి పేరూ అక్కడిదే తెలుసా? టెంపో అంటే కాలం. పాట ఏ నడకన సాగాలో చెప్పడానికి సంగీతంవాళ్ళు ఆ మాట వాడారు. వాళ్ళ దగ్గర్నుంచి దేశదేశాలూ తీసుకున్నాయి. ఎక్కడో ఎవరో బండికి పెట్టారు. బండెక్కి మన దాకా వచ్చింది."

"మా బావమరిది సినిమాలో పడిపోయిందని ఏడుస్తున్నది కూడా అదేనా?"

"అదే. అక్కడ మబ్బు పట్టినా అదే మాట. ఇవాళ టెంపో బాగాలేదంటారు."

"మనకీ అంతేగా. వానాకాలం, ఎండాకాలం."

"అవును. మనకి ఇంకో వాడుక కూడా..." అని ఆగిపోయింది.

ఆ వాడుకేమిటో అతనికి తెలుసు. పెద్దవాళ్ళు పోతే కాలం చేశారంటారు. తనలాంటివాళ్ళకి అంత మాట ఖర్చు చెయ్యరు. తనలాంటివాళ్ళు ఊరికే పోతారు.

ఆమె రెండు మెట్లు దిగొచ్చి, అడక్కుండానే అతని మణికట్టు పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. వంకర వేళ్ళు, కానీ ఎక్కడ ఆనించాలో వాటికి తెలుసు. నలభై ఏళ్ళు పిల్లల పక్కన కూర్చుని తప్పులు లెక్కపెట్టిన మనిషి. పెదవులు కదిలాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఒకటి, రెండు... ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఆగింది.

"మధ్యలో ఒక దెబ్బ మింగేస్తోంది" అంది. "నీకు తెలుసా?"

జేబులో కాగితం తీసి చూపించాడు. ఆమె చదివి మడతపెట్టి ఇచ్చింది. "నువ్వింక ఎత్తకు. పియానో ఇక్కడే పడి ఉంటుంది."

"సాయంత్రం తాళం ఇచ్చెయ్యాలి కదమ్మా. సగం దారిలో సరుకు వదిలేసినవాణ్ణి కాను. ఎవరికీ చెప్పకండి. ఇంట్లో తెలిస్తే బండి అమ్మేస్తారు. అప్పుడు నేనెవర్ని?"

"నీ పేరేమిటి?"

చెప్పాడు. తన నోట ఆ పేరు, కొత్త వీధిలో ఎవరి ఇంటికోసమో వాకబు చేస్తున్నట్టు వినిపించింది. ఆమె తలూపింది. కిందనుంచి బావమరిది వచ్చేశాడు. అప్పుడైనా ఆమె చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. పియానో వంక చూసింది, అంతే.

"ఏంటి బావా, సెకండాఫ్ మొదలెట్టకుండానే కూర్చున్నావు?"

"ఎత్తరా" అన్నాడు.

గుట్ట ఎక్కేసరికి మబ్బు బాగా కిందికి దిగింది. పక్క సీట్లో టీచరమ్మ దారంతా రోడ్డుకేసి చూడలేదు, స్టీరింగు మీద అతని చేతులకేసే చూసింది. బడి గేటు ముందు ఏటవాలు. బండిని ఎత్తుకి మొహం పెట్టించి ఆపాడు. బావమరిది వెనకనుంచి దూకి, చక్రం వెనక చెక్క పెట్టి కాలితో బిగించాడు. పియానోని మళ్ళీ మెల్లగా మెల్లగా అంటూ దించారు. వసారా దాటించారు, గదిలో కిటికీ పక్కన పెట్టారు. ఒక్క గీత పడలేదు. పిల్లలు తుమ్మెదల్లా మూగారు. ఎవడో పియానో మీద చివరి మెట్టు ఒకటి నొక్కాడు. సన్నగా మోగింది. మళ్ళీ నొక్కాడు.

"నేను బండి తీస్తా, మీరు దుప్పట్లు సర్దుకుని రండి" అని అతను బయటికి నడిచాడు. గేటు దాకా గోడ పట్టుకునే పోయాడు. అది చూసింది టీచరమ్మ ఒక్కతే.

ఇంజను స్టార్టయింది. వాళ్ళకో పద్ధతుంది. అతను ఒకసారి హారన్ కొడతాడు, బండి బెత్తెడు ముందుకు జరుగుతుంది, బావమరిది చెక్క తీసి వెనక పడేసి ఎక్కుతాడు. పదకొండేళ్ళలో ఆ పద్ధతి ఒక్కసారీ తప్పలేదు. బావమరిది చక్రం దగ్గర గొంతుకూర్చుని చెక్క మీద చెయ్యి వేశాడు. హారన్ రాలేదు.

"కొట్టు బావా!"

ఇంజను ఒకే తీరున కొట్టుకుంటోంది. గదిలో అదే మెట్టు మోగుతోంది.

"నిద్రపోయావా ఏంటి? టెంపో పడిపోయింది బావా నీకు!" పొట్టివాడు పగలబడి నవ్వాడు.

టీచరమ్మ వసారాలోకి వచ్చింది. గేటు దాకా వచ్చింది. బండి పక్కగా ముందుకి నడిచి కిటికీ దగ్గర ఆగింది. అతన్ని పేరుపెట్టి పిలిచింది. ఎవరిని పిలుస్తోందో బావమరిదికి వెంటనే తట్టలేదు. తట్టేసరికి నవ్వు మొహం మీదే ఉండిపోయింది.

అతని చెయ్యి స్టీరింగు మీద ఉంది, హారన్‌కి అంగుళం ఇవతల. అన్నం డబ్బా మూత తియ్యలేదు.

బావమరిది ఫోన్ చేసి "అక్కా" అన్నాడు. చినుకులు మొదలయ్యాయి. బడి కాపలావాడు పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగాడు.

"టెంపో ఆయన పోయాడు" అన్నాడు పొట్టివాడు.

"కాలం చేశారు అను" అంది టీచరమ్మ. గొంతు గట్టిగానే వచ్చింది. కానీ పొట్టివాడి మొహం వంక చూడలేకపోయింది.

అతన్ని తీసుకుపోయాక ఎవరో డ్రైవరు వచ్చి బండి తీశాడు. వాళ్ళ పద్ధతి అతనికి తెలియదు. హారన్ కొట్టలేదు, వెనక్కి చూడలేదు. బండి బెత్తెడు ముందుకు జరిగి, ఎత్తెక్కి, మలుపు తిరిగింది. రోడ్డు మీద అడ్డుచెక్క ఉన్నచోటే ఉంది. టైరు పదకొండేళ్ళు ఒరుసుకున్న ఆ గుంటలో గుక్కెడు వాన నీళ్ళు నిలిచాయి.