ఆడచెయ్యి

ఇస్త్రీపెట్టె వేడెక్కేలోగా ఆమె భర్త టీ కప్పు కింద పెట్టి, "ప్రభుత్వమైతే మారింది గానీ, ఈ ఇంట్లో టీ మాత్రం మారదు," అన్నాడు. అత్తగారు నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారు. ముందు అతని చొక్కా, తరవాత పిల్లాడి బడి బట్టలు, చివరికి ఆమె యూనిఫాం. అప్పటికి టైమైపోతుంది కాబట్టి కాలరూ ముందు భాగమూ గబగబా లాగేసి, వీపు మీద ముడతలు అలాగే వదిలేసింది. వెనకనుంచి ఎవరు చూస్తారులే!

ఇద్దరూ వలసల శాఖలోనే పనిచేస్తారు. అతను జీతాల సెక్షన్‌లో, నీడపట్టున. ఆమె తనిఖీ బృందంలో. కాగితాలు లేకుండా బతుకుతున్న పరాయి దేశస్థుల్ని పట్టి తెచ్చే బృందం అది. ఆడవాళ్ళని ఆడవాళ్ళే పట్టుకోవాలని ఎప్పటినుంచో ఒక నియమం ఉంది కనక అందులో ఆమెని వేశారు. అంతే తప్ప ఆమె తెలివినో, ఇన్నేళ్ళ అనుభవాన్నో చూసి కాదు. మీటింగుకి పిలవరు. బండి బయల్దేరేముందు మాత్రం ఎవరో ఒకరు అరుస్తారు: "ఆడచెయ్యి ఎక్కిందా? అయితే పోనీ!" ఆ పేరే స్థిరపడిపోయింది. మొదట్లో ఒళ్ళు మండేది. తరవాత అలవాటైంది. చెయ్యికి అభిప్రాయాలుండవు గదా. పొద్దున ఎవరి మణికట్టో పట్టుకుంటుంది, సాయంత్రం ఇంటికొచ్చి పిండి కలుపుతుంది.

కొత్త ప్రభుత్వం రాగానే కొత్త ఆదేశం వచ్చింది. బయల్దేరేముందే కాగితం మీద పేరు రాసి ఉన్నవాళ్ళనే పట్టుకోవాలి. పిల్లల తల్లిని తీసుకెళ్ళాల్సి వస్తే ముందు ఆ పిల్లల సంగతి చూడాలి. దాన్ని మంచినీళ్ళ కుండ పక్కన గోడకి అంటించారు. నీళ్ళు తాగినప్పుడల్లా ఆమె దాన్ని చదివేది. బృందం పెద్ద మాత్రం చదవలేదు. "కాగితం కాగితమే, లెక్క లెక్కే. నెలాఖరుకి పైవాళ్ళు అడిగేది ఎంతమందిని తెచ్చారనే. ఆ అడగడం ఏ ప్రభుత్వం మార్చింది గనక!" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. అదే ఆమెకి దిగులు.

ఆ రోజు బట్టలు కుట్టే షెడ్డుకి వెళ్ళారు. కాగితం మీదున్న పేరు అక్కడి మేస్త్రీది ఒక్కటే. అతను లేడు, ఎవరో ముందే అతని చెవిన వేసినట్టున్నారు. మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆడవాళ్ళంతా దారం తెంపకుండానే లేచి నిలబడ్డారు.

"ఖాళీ బండితో పోతామా? కాగితాలు లేనివాళ్ళని ఎక్కించండి," అన్నాడు పెద్ద. గుమ్మం దగ్గరున్న ఒకామెని చూపించి, "ఏమ్మా, పట్టుకో," అన్నాడు.

ఆ కుట్టుపనామె ఏడవలేదు. కొంగున కట్టుకున్న తాళంచెవి విప్పి ముందుకు చాచింది. "మా పాప బడి నుంచి వచ్చే వేళైంది. తాళం నా దగ్గరుంది. ఎవరైనా వెళ్ళి తలుపు తియ్యండమ్మా, తరవాత నన్ను ఎక్కడికైనా తీసుకుపోండి."

ఆడచెయ్యి అలవాటుగా సగం లేచింది. ఆ తాళంచెవి తన అరచేతిలో పడితే ఏం చేయాలి? ఎవరికివ్వాలి? బండిలో తనతోబాటు సాయంత్రందాకా తిరిగే ఆ ఇనపముక్క, మెట్ల మీద కూర్చుని దారి చూసే పిల్ల... చెయ్యి కిందికి దించేసింది.

"ఈవిడ పేరు మన దగ్గర లేదు సార్."

"ఉంటే ఎంత, లేకపోతే ఎంత? పట్టుకో."

"పట్టుకోను సార్."

గొంతు పెద్దది చెయ్యలేదు. అయినా షెడ్డంతా వినబడింది. వెనకనున్న కుర్ర ఉద్యోగి ఒకడు తనే ముందుకి రాబోయాడు. ఆమె అతనికి అడ్డంగా నిలబడింది. "మగవాళ్ళు ఆడవాళ్ళని ముట్టుకోకూడదు బాబూ. ఇది కొత్త ప్రభుత్వం పెట్టింది కాదు, పాత రూలే."

పెద్ద మొహం కందగడ్డైంది. అంతమంది మగవాళ్ళూ, బండీ, బేడీలూ, ఒక్క మనిషి కాదనేసరికి ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. అతను బయటికెళ్ళి పైవాళ్ళకి ఫోన్ చేశాడు. పేరు లేనివాళ్ళని తెమ్మని నోటితో చెప్పే ధైర్యం పైన ఎవరికీ లేదు కాబోలు, "అది సరే సార్, అది కాదు సార్" అని నీళ్ళు నమిలి నమిలి, చివరికి బండెక్కమన్నాడు. వెళ్తూ వెళ్తూ ఆమె తిరిగి చూసింది. కుట్టుపనామె అప్పటికే షెడ్డు దాటి ఇంటివైపు పరుగెడుతోంది.

"రేపటికల్లా సంజాయిషీ రాసుకురా," అన్నాడు పెద్ద. 

ఆమె కంటే ముందు కబురు ఇల్లు చేరింది. "మొగుడి ప్రమోషన్ సంగతి గుర్తుకు రాలేదా తల్లీ నీకు?" అంది అత్తగారు. భర్త మాత్రం కోప్పడలేదు. పక్కన కూర్చుని, బుజ్జగిస్తున్నట్టు, "ఒంట్లో బాగోలేదని రాసెయ్. తల తిరిగి ఏదో అనేశానను. సార్ మంచివాడే, సర్దుకుంటాడు," అన్నాడు.

కోప్పడినా ఇంత గుచ్చుకునేది కాదు. పిల్లాడు పుట్టాక ఇంకొకరు ఇప్పుడే వద్దంటే నీరసమన్నారు. మరిది పెళ్ళిపనులన్నీ ఒక్కదాన్నే చెయ్యలేనంటే నిద్ర చాలట్లేదన్నారు. ఈ ఇంట్లో ఆమె కాదన్న ప్రతిసారీ ఏదో ఒక జబ్బు వెతికిపెట్టారు, ప్రేమగానే. తనూ నిజమేనేమో అనుకుని ఆ జబ్బులన్నీ ఒప్పుకుంది.

"నా ఒంట్లో బాగానే ఉందండీ," అంది.

అదే రాసింది కూడా. ఆరోగ్యంగా ఉన్నాను, ఆదేశం చదివాను, పాటించాను. పెద్ద దాన్ని తిప్పి తిప్పి చూశాడు. శిక్షిస్తే ఆదేశానికి ఎదురు వెళ్ళినట్టు, మెచ్చుకుంటే తన మొహాన తను కొట్టుకున్నట్టు. సొరుగులో పెట్టేశాడు. నెలాఖరుకి ఎంతమందని పైనుంచి అడగనే అడిగారు. అది మారలేదు. కానీ ఆ తరవాత బండి బయల్దేరేముందు పేర్ల కాగితం ఆమె చేతికీ ఒకటి ఇవ్వడం మొదలుపెట్టారు. ఎందుకని ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఒక సాయంత్రం కూరలు తరుగుతుంటే ఫోన్ మోగింది. చేసింది పక్క ఊరి ఆఫీసులో తనలాగే బృందానికంతా ఒక్కతే అయిన ఆడమనిషి. ఎప్పుడూ కలవలేదు.

"అక్కా, మీరు పట్టుకోనన్నారట కదా? రేపు మమ్మల్ని ఒక హాస్టల్‌కి తీసుకెళ్తున్నారు. పేర్లేం చెప్పట్లేదు." గొంతు బాగా తగ్గించి అడిగింది. "అసలు అలా అనొచ్చా అక్కా?"

ముందుగదిలోంచి భర్త, "వంటెంతవరకు వచ్చింది?" అని కేకేశాడు. ఆమె కత్తిపీట పక్కకి జరిపి, "కూరలు తరిగున్నాయి, మీరు పొయ్యిమీద పెట్టండి. ఆఫీసు ఫోను," అని పెరట్లోకి నడిచి తలుపు దగ్గరికి వేసుకుంది.

"అనొచ్చమ్మా," అంది. "నోరు మాత్రం ఎండిపోతుంది. వెళ్ళేముందు కాసిని మంచినీళ్ళు తాగి వెళ్ళు."