కృష్ణుడికి మేజోళ్ళు

ఆగస్టు నెల ఉక్కలో, విశాఖపట్నంలో, ఫ్యాను కింద కూర్చుని చెవుల టోపీ అల్లుతున్న మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. గురునాథరావుకి రోజూ వచ్చేది.

“అనూ, స్టీలు ప్లాంటులో కొలిమి పక్కనే నా సర్వీసంతా గడిచింది. అక్కడ కూడా ఎవరం ఊలు టోపీ పెట్టుకోలేదు.”

“ఊలు కాదండీ, మెత్తటి నూలు. బుగ్గకి ఆనించుకుని చూడండి.”

ఆయన ఆనించుకున్నాడు. ఆ తర్వాత కాసేపు తిరిగివ్వలేదు.

అనూరాధ ఈ అల్లిక ఇప్పుడు నేర్చుకున్నది కాదు. కూతురు నీలిమ కడుపులో ఉన్నప్పుడు, క్వార్టర్స్‌లో పక్కింటికి భిలాయి నుంచి బదిలీ మీద వచ్చినావిడ నేర్పింది. అప్పుడూ ఇలాగే ముచ్చటపడి ఒక టోపీ, జత మేజోళ్ళు అల్లి పెట్టుకుంది. అత్తగారు చూసి, వాటిని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. పురుడు రాకముందే కొత్తబట్ట సిద్ధం చేస్తే దిష్టి తగులుతుందట. పుట్టిన బిడ్డ ఒంటికి ముందు పాతబట్టే తగలాలట. బారసాల అయ్యాక పెట్టె తెరిస్తే, ఆ టోపీ నీలిమ నడినెత్తి మీద గిన్నె మూతలా కూర్చుంది. మేజోళ్ళలో బొటనవేలు ఒక్కటే దూరింది.

అందుకే ఈసారి అనూరాధ గట్టిగా అనుకుంది. నీలిమ బిడ్డ ఒంటిని ముందుగా తాకేది తన చేతి కుట్టే కావాలి. ఆచారాలను కాదనే మనిషి కాదు తను. ఏకాదశికి ఉపవాసం ఉంటుంది, గడప కడుగుతుంది. చేతులు మాత్రం మాట వినలేదు.

పైగా వాటికి పట్టింపు ఎక్కువ. టోపీకి ఎడమ చెవి కుడి చెవికన్నా ఒక్క కుట్టు పొడుగు వచ్చిందని మొత్తం విప్పి మళ్ళీ అల్లింది. పసుపురంగు మల్లుగుడ్డతో జుబ్బా కుట్టింది. పసిచర్మానికి ఒరుసుకోకూడదని కుట్లన్నీ బయటివైపుకి పెట్టింది. గుండీలు వద్దని నాడాలు పెట్టింది. మేజోళ్ళు ఎంత చిన్నగా ఉన్నాయంటే, గురునాథరావు వాటిని రెండు వేళ్ళకి తొడుక్కుని టీపాయ్ మీద నడిపించి, “అమ్మమ్మా, ఆకలేస్తంది” అని గొంతు మార్చి అరిచేవాడు. తొమ్మిదో నెల కడుపుతో పుట్టింట్లో ఉన్న నీలిమ నవ్వలేక, “నాన్నా, ఆపు, నొప్పులొచ్చేస్తాయి” అని సోఫా అంచు పట్టుకునేది.

ఈ ముగ్గురికీ తెలిసిన సంగతి నాలుగో మనిషికి తెలియకూడదు. ఆ నాలుగో మనిషి నీలిమ అత్తగారు జోగమ్మ. ఎలమంచిలి పక్క ఊరు, వ్యవసాయం కుటుంబం, ఆచారం దగ్గర అనూరాధ అత్తగారికి అక్క అనుకోవచ్చు. సీమంతం రోజునే అందరి ముందూ చెప్పింది: “పురుడయ్యేదాకా ఈ ఇంట్లో కొత్త గుడ్డ పోగు కనబడకూడదు వదినా. తరవాత నీ ఇష్టం, బంగారం కుట్టించు.”

ఆ జోగమ్మ ఒకరోజు పొద్దున్నే, ఫోనైనా చేయకుండా, కూర్మన్నపాలెంలోని ఫ్లాటుకి వచ్చేసింది. చేతిలో బెల్లం పోకుండల డబ్బా, చంకలో సంచీ. తలుపు తీసిన గురునాథరావు, “రండి చెల్లెమ్మగారూ!” అని వీధి చివరికి వినపడేలా అరిచాడు. అది హెచ్చరికే. కానీ అనూరాధ సూదులు దాచేలోపే ఆవిడ హాల్లో ఉంది. సోఫా మీద జుబ్బా, టోపీ, మేజోళ్ళు, చొంగగుడ్డ, అన్నీ ఆరబెట్టిన అప్పడాల్లా వరసగా ఉన్నాయి.

“ఏటి వదినా, ఏటి సేత్తన్నావ్?”

“ఇవా? ఇవీ...” అనూరాధ చూపు గదంతా తిరిగి, గోడమీద క్యాలెండరులో పాకుతున్న చిన్నికృష్ణుడి దగ్గర ఆగింది. “కృష్ణుడికండీ. అష్టమి వస్తోంది కదా.”

గురునాథరావు మంచినీళ్ళు తెస్తానని వంటింట్లోకి పారిపోయాడు.

జోగమ్మ సోఫాలో కూర్చుని టోపీ చేతిలోకి తీసుకుంది. “కిట్టయ్యకి కుందేలు సెవులేటి వదినా?”

“కుందేలు కాదండీ. ఆవుదూడ. గోపాలుడు కదా.”

“బాగుంది. మరి మేజోళ్ళు?”

“పాకే కృష్ణుడండీ. కాళ్ళు గీసుకుపోతాయని.”

వంటింట్లో ఏదో గ్లాసు కింద పడింది.

జోగమ్మ చొంగగుడ్డ ఎత్తి, వెలుతురుకి పట్టి చూసింది. “మరి ఇదేటి, మెడలోకా?”

“వెన్న తింటాడు కదండీ,” అంది అనూరాధ. “కారుతుంది.”

హాల్లోనే దివాన్ మీద పడుకున్న నీలిమ దుప్పటి మొహం మీదికి లాక్కుంది. దుప్పటి ఊగుతోంది.

“కోడలికేటైనాది? సలేస్తందా?”

“ఎండాకాలం జలుబండీ,” అని వానాకాలంలో చెప్పింది అనూరాధ.

జోగమ్మ జుబ్బా ఒళ్ళో పరుచుకుని, బయటికి తేలి ఉన్న కుట్ల మీద బొటనవేలితో మెల్లగా ఒకసారి రాసింది. భుజం దగ్గర మొదలుపెట్టి చంక దాకా, చంక నుంచి అంచు దాకా. తరవాత కళ్ళు మూసుకుని దండం పెట్టింది.

“మా ఊరి కిట్టయ్యకి ఇన్నేళ్ళలో ఎవులూ ఇంత పని సేయలేదు వదినా. నీ భక్తి గొప్పది. అష్టమికి ఇయ్యే తొడిగిత్తాను.”

అంటూనే జుబ్బా మడిచింది. టోపీ మడిచింది. మేజోళ్ళు ఒకదాన్లో ఒకటి దూర్చింది. చొంగగుడ్డ పైన పెట్టి, నాలుగూ సంచీలో పెట్టుకుని ముడి వేసింది. అనూరాధ సంచీ వైపు చెయ్యి చాపబోయి ఆగింది. ఏమని ఆపాలి? దేవుడికి ఇస్తానన్న దాన్ని ఏ నోటితో వెనక్కి అడగాలి?

మధ్యాహ్నం రైలుకి జోగమ్మ వెళ్ళిపోయింది. ముందు నీలిమ పకపకా నవ్వింది. తరవాత గురునాథరావు. చివరికి అనూరాధ కూడా నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడంలో అన్నీ నవ్వు కన్నీళ్ళే కావని ఆయనకి తెలిసింది.

“మళ్ళీ అల్లేద్దూ,” అన్నాడు.

“ఆ పసుపు నూలు అయిపోయింది. కురుపాం మార్కెట్ అంతా తిరిగినా అదే రంగు దొరకదు.”

“ఇంకో రంగుతో అల్లు.”

“టైమేదండీ? ఇవాళో రేపో అన్నట్టుంది దాని కడుపు. పోనీండి. దేవుడికేగా ఇచ్చింది.” అని, సూదులు ఎత్తిపెడుతూ, “రాతి కాళ్ళకి మేజోళ్ళేమిటండీ, నా మొహం,” అని మళ్ళీ నవ్వింది.

అష్టమి రోజు అల్లుడు సాయిశంకర్ మధురవాడ ఆఫీసుకి సెలవు పెట్టి ఊరెళ్ళాడు. అక్కణ్ణుంచి ఫోటో పంపాడు. నల్లరాతి బాలకృష్ణుడు, ఒక చేత్తో వెన్నముద్ద ఎత్తిపట్టుకుని పాకుతున్నాడు. పసుపు జుబ్బా, నెత్తి మీద దూడ చెవులు, మెడలో చొంగగుడ్డ. ఒక మేజోడు కాలికుంది, రెండోది వెన్నముద్దకి తొడిగి ఉంది. చుట్టూ ఊరి ఆడవాళ్ళు విరగబడి చూస్తున్నారు. కింద సాయిశంకర్ రాశాడు: “అత్తయ్యా, కృష్ణుడు సూపర్ హిట్. వెన్నముద్ద మీద ఈగలు వాలకుండా పంతులుగారి ఐడియా.”

గురునాథరావు ఆ ఫోటోని ప్లాంటు స్నేహితులకీ, చెల్లెలికీ, పాలబ్బాయికీ చూపించాడు. అనూరాధ మాత్రం ఫోనులో వేళ్ళతో పెద్దది చేసి చేసి చూసింది. “ఎడమ చెవి వంగిపోయిందండీ. ఎవరికీ పెట్టడం రాలేదు. పక్కకి తిప్పితే సరిగ్గా నిలబడేది.” ఇంకో సంగతి కూడా వింతగా తోచింది. పసిబిడ్డ కొలతకి కుట్టిన జుబ్బా ఆ విగ్రహానికి ఎక్కడా ముడత లేకుండా ఎలా అమిరింది? ఆ ఊరి కృష్ణుడు పెద్దవాడే అయ్యుంటాడు అనుకుంది.

ఆ వారంలోనే, ఒక సాయంత్రం టీ తాగుతూ తాగుతూ నీలిమ గ్లాసు కింద పెట్టేసింది. “అమ్మా, నాన్న జోక్ వేయలేదు కానీ నొప్పులొస్తున్నాయి.”

గురునాథరావు కారు తాళం కోసం ఇల్లంతా వెతికాడు. అది ఆయన చేతిలోనే ఉంది. అనూరాధ ముందే సిద్ధం చేసిన సంచీ తీసింది. ఆచారం ప్రకారమే అందులో కొత్తబట్ట ఒక్కటీ లేదు. గురునాథరావు పాతపంచె, ఉతికి ఉతికి పూరేకులా అయినది, ముక్కలు చేసి, అంచులు మాత్రం చేత్తో మడిచి కుట్టి పెట్టింది. పాతగుడ్డకి అంచు కుట్టకూడదని ఎవరూ అనలేదు కదా.

తెల్లారేసరికి ఆడపిల్ల. బొద్దుగా, ఎర్రగా, లోకం మీద కోపంతో పిడికిళ్ళు బిగించి ఉంది. గురునాథరావు ఆసుపత్రి వరండాలో కనపడిన ప్రతివాడికీ, “నేను తాతనండీ” అని పరిచయం చేసుకున్నాడు. లిఫ్టు నడిపే అతనికి రెండుసార్లు.

ఒళ్ళు తుడిచి, ఆసుపత్రి తువ్వాల్లో చుట్టిన బిడ్డని నర్సు తెచ్చి, “మీ బట్ట ఇవ్వండమ్మా, మారుద్దాం” అంది. అనూరాధ పంచె ముక్క విప్పింది. పసుపు జుబ్బా గుర్తొచ్చింది. ‘సర్లే, ఇది మాత్రం తాతగారి పంచె కాదా’ అనుకుని చేతులు చాపింది.

“ఆగు వదినా, ఆగు!”

తలుపు దగ్గర జోగమ్మ. తొలి బండికి వచ్చినట్టుంది, ముడి జారి జుట్టు చెవుల మీద పడుతోంది. వెనక సాయిశంకర్ రొప్పుతున్నాడు. ఆవిడ సంచీ ముడి విప్పి, పసుపు జుబ్బా బయటికి తీసింది. ఉతికి, నీడన ఆరబెట్టి, మడతపెట్టినది. తులసి వాసన, కర్పూరం వాసన.

“ఇది తొడుగు.”

“వదినగారూ, అది దేవుడికి...”

“దేవుడు కట్టి ఇడిసినాడు. ఇంకేటి కావాల? ఒకసారి కట్టి ఇడిస్తే పాతబట్టే గదా. దేవుడు ఇడిసిన గుడ్డకి దిష్టి తగలమను, సూద్దాం.”

అనూరాధ ఆవిడ మొహంలోకి చూసింది. జోగమ్మ నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటోంది.

“మీకు ఆ రోజే తెలుసా?”

“మా కిట్టయ్య జానెడుంటాడు వదినా. నీ జుబ్బాలో ముగ్గురు కిట్టయ్యలు పడతారు. పంతులు ఎనక్కి మడిసి మడిసి పిన్నీసులు పెట్టినాడు. వీపు సూత్తే నవ్వాగదు.” జోగమ్మ జుబ్బా తిప్పి, భుజం దగ్గర కుట్టు మీద వేలు పెట్టింది. “పోనీ నీకు సైజు తెలీదనుకున్నాననుకో. కుట్లు బైటికి పెట్టినావు. రాతి కిట్టయ్యకి కుట్టు ఒరుసుకుంటాదా?”

“మరి అప్పుడే అనొచ్చు కదండీ!”

“ఏటనాల? వద్దంటే నువ్వు పెట్టిలో దాసేత్తావు. ఊఁ అంటే నా మాట నాను తప్పినట్టవుద్ది. నువ్వే దోవ సూపించినావు, కిట్టయ్య కిట్టయ్య అని. అందుకే తీసుకుపోయినాను.” అప్పటికి ఇక ఆవిడకి ఆగలేదు. “వెన్న కారతాదంట! దారంతా రైల్లో నవ్వుకుంటా పోయినాను. పక్కనున్నావిడ సీటు మారిపోనాది.”

మంచం మీంచి నీలిమ, “అత్తయ్యా, నవ్వించకండి, కుట్లు లాగుతున్నాయి” అని మూలిగింది. నర్సు అందర్నీ బయటికి పొమ్మంది. ఎవరూ పోలేదు.

అనూరాధ నాడాలు విప్పి, బిగిసిన పిడికిళ్ళని ఒక్కొక్కటే జుబ్బా చేతుల్లోంచి తీసింది. జుబ్బా వీపు మీద పిన్నీసు చిల్లులు సన్నగా కనిపించాయి. ఇంకోరోజైతే అప్పుడే సూదీ దారం తీసేది. ఇప్పుడు వాటిని వేలితో ఒకసారి సవరించి వదిలేసింది. మేజోళ్ళు ఒక కాలికి ఒకటి, మరో కాలికి ఒకటి. వెన్నముద్దకి తొడిగిన దాని మొన దగ్గర ఇంకా కాస్త నేతి మరక ఉంది. ఆఖరికి టోపీ పెట్టింది. ఎడమ చెవిని పక్కకి తిప్పింది. సరిగ్గా నిలబడింది.

“సూసినావా, దూడే,” అంది జోగమ్మ, అనూరాధ ఒళ్ళో ఉన్న పిల్ల కింద చెయ్యి వేసి.

పిల్ల కళ్ళు తెరిచి ఇద్దరు ముసలమ్మల వైపూ చూసింది. చూసి, ఏమనుకుందో ఏమో, తీరిగ్గా పసుపు జుబ్బా తడిపేసింది. తడి అనూరాధ చీర దాటి జోగమ్మ చేతి దాకా పాకింది.

జోగమ్మ చెయ్యి తీయలేదు.

“ఇదిగో వదినా,” అంది, “ఇప్పుడైనాది అసలైన పాతబట్ట.”