నిచ్చెన మీదుగా ఎగిరిన నెలిడా

నేను తీసిన వేల ఫోటోల్లో జనం గుర్తుపెట్టుకున్నది ఒక్కటే. అందులో నెలిడా బరగాన్‌కి ఇరవై ఏళ్లు. నీళ్లు లేని ఈత కొలను గోడ ఎక్కి, నాలుగు చక్రాల స్కేట్‌బోర్డుతో సహా గాల్లోకి లేచి, కొలనులోకి దిగే ఇనప నిచ్చెన మీదుగా ఎగురుతోంది. ఒక చెయ్యి బోర్డు అంచున, రెండో చెయ్యి ఆకాశంలో. వెనక శాన్ గేబ్రియేల్ కొండలు. అది 1991 వేసవి, ఫాంటానాలో మిసెస్ టిలరీ ఇంటి పెరడు. కరువు కాలం. ఆ చుట్టుపక్కల కొలనులు చాలావరకు ఎండి ఉన్నాయి, స్కేటింగ్ పిల్లలకు అవే ఆటస్థలాలు.

ఒక స్కేటింగ్ పత్రిక ఆ ఫోటోను రెండు పేజీల నిండా వేసింది. అప్పట్లో ఆడపిల్ల ఫోటో ఏ మూలో చిన్నగా వేయడమే గొప్ప. తర్వాత అది దుకాణాల గోడలెక్కింది, ఎక్కడెక్కడి అమ్మాయిలో చింపి తమ గదుల్లో అంటించుకున్నారు. ఫోటో కింద ఒకే వాక్యం ఉండేది: "నెలిడా బరగాన్ నిచ్చెన మీదుగా ఎగిరింది, దిగింది, సాగిపోయింది."

మా స్కేటింగ్ వాళ్లకు ఆ చివరి మాటలే ముఖ్యం. గాల్లోకి లేచినవాళ్లు చక్రాల మీద దిగి ముందుకు సాగాలి. పడిపోతే అది లెక్కలోకి రాదు. పడిపోయినప్పటి ఫోటోను అచ్చుకివ్వడం ఫోటోగ్రాఫర్‌కి సిగ్గుచేటు.

నెలిడా దిగలేదు. నేను మీట నొక్కిన మరుక్షణం బోర్డు ఒకవైపు, తను ఒకవైపు తొమ్మిదడుగుల లోతున పడ్డారు. ఎడమ మణికట్టు విరిగింది. పత్రిక సంపాదకుడు ఫోన్ చేసి, ఆ పిల్ల నిజంగానే దిగిందా అని అడిగాడు. నాలుగేళ్లుగా మగపిల్లల ఫోటోలు పంపుతున్నాను, ఒక్కసారైనా ఆ ప్రశ్న వేయలేదు. నాకు ఒళ్లు మండింది. దిగింది అన్నాను. నెలిడాను అడగలేదు. పత్రిక చేతికొచ్చేసరికి ఆమె చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. ఆ వాక్యం చదివి పత్రిక మూసేసింది. చెయ్యి వంకరగా అతుక్కుంది. ఆ తర్వాత ఆమె లోతైన కొలనుల జోలికి పోలేదు.

ముప్పై రెండేళ్లు గడిచాయి. నెలిడా కూతురు అరసెలీకి ఇప్పుడు ఇరవై నాలుగు. స్కేటింగే వృత్తి, తన పేరుతోనే బోర్డులు అమ్ముడవుతాయి. మొన్న మార్చిలో నాకు ఫోన్ చేసింది. చిన్నప్పటి నుంచీ నన్ను 'తియో' అంటుంది, మనం బాబాయ్ అన్నట్టు. మిసెస్ టిలరీ ఇల్లు అమ్మేస్తున్నారని, కొన్నవాళ్లు కొలనును మట్టితో పూడ్చేస్తారని చెప్పింది. ఆ లోపే అమ్మ ఎగిరిన చోట తనూ ఎగరాలి, అదే లెన్సుతో నేనే తీయాలి అంది. తల్లీకూతుళ్ల ఫోటోలు రెండూ కలిపి ఒకే బోర్డు మీద వేస్తుందట తన బోర్డులు చేసే కంపెనీ.

నేను నెలిడాకు ఫోన్ చేసి, కూతురికి సంగతి చెప్పావా అని అడిగాను. లేదంది. ఒక ఫోటోయేగా, తీసుకుని వచ్చేద్దాం అంది.

శనివారం పొద్దున ఎనిమిదింటికి ముగ్గురం ఫాంటానా చేరాం. నెలిడా పొమోనాలో సిటీ బస్సు నడుపుతుంది. ఆ రోజుకి సెలవు పెట్టి, రేకు కాగితంలో చుట్టిన బురిటోలతో, అంటే బీన్స్ కూర పెట్టి చుట్టిన రొట్టెలతో వచ్చింది. మిసెస్ టిలరీకి ఎనభై తొమ్మిది. చేతికర్ర పట్టుకుని పెరటి తలుపు దాకా వచ్చి, కర్ర గోడకి ఆనించి, నెలిడా ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ రోజుల్లో మగపిల్లలంతా గోడ దూకి వచ్చేవాళ్లని, బెల్లు కొట్టి, ఆకులు ఊడ్చిపెడతాను ఆడుకోనిస్తారా అని అడిగింది నెలిడా ఒక్కతేనని అరసెలీకి చెప్పింది.

అరసెలీ తల్లి పాత గళ్ల చొక్కా తొడుక్కుంది. హెల్మెట్, మోకాళ్లకు కవచాలు. నేను అప్పట్లాగే కొలను గట్టున బోర్లా పడుకున్నాను, కాకపోతే ఈసారి పడుకోవడానికే రెండు నిమిషాలు పట్టింది. నాలుగో ప్రయత్నంలో ఫోటో అచ్చుగుద్దినట్టు వచ్చింది: చెయ్యి, నిచ్చెన, కొండలు, అన్నీ. ఇక చాలన్నాను.

"దిగాలిగా తియో," అంది అరసెలీ.

మళ్లీ ఎగిరింది, పడింది. మళ్లీ. లెక్క పదిహేను దాటాక నేను కెమెరా పక్కన పెట్టేశాను. మోచెయ్యి తోలు లేచిపోయింది, తుంటి పట్టుకుని నడుస్తోంది. నెలిడా మాత్రం లోతు లేని వైపు మెట్ల మీద కూర్చుని, బురిటోల పొట్లం ఒళ్లో పెట్టుకుని చూస్తోంది.

ఆ తర్వాత పడినప్పుడు హెల్మెట్ సిమెంటుకు కొట్టుకున్న చప్పుడు గోడవతల కుక్కకి కూడా వినిపించినట్టుంది, మొరగడం మొదలుపెట్టింది. అరసెలీ కాసేపు వెల్లకిలా అలాగే ఉండిపోయింది. తర్వాత లేచి, తల విదిలించి, బోర్డు కోసం వెతుక్కుంది.

నెలిడా లేచి నిలబడింది. "చాలు మిహా, ఇక ఆపు."

పిల్లను ముద్దుగా పిలిచే ఆ పిలుపును నెలిడా అంత గట్టిగా పలకడం నేనెప్పుడూ వినలేదు.

"నువ్వు ఆపావా?"

"నేను దిగలేదు."

అరసెలీకి అర్థం కాలేదు.

"ఆ రోజు నేను దిగలేదు. గ్లెన్ ఫోటో తీశాక పడ్డాను. ఈ చెయ్యి విరిగింది ఇక్కడే, నీకు చెప్పినట్టు బస్సు డిపోలో కాదు."

అబద్ధం నెలిడాది కాదని, పత్రికకు చెప్పింది నేనేనని గట్టు మీంచే చెప్పాను. ఎందుకు చెప్పానో కూడా చెప్పాను. అప్పుడు సరైన పనే అనిపించింది కానీ మోయాల్సింది నేను కాదు కదా. అరసెలీ నన్నొకసారి, తల్లినొకసారి చూసింది.

"చిన్నప్పుడు పార్కులో దిగితేనే లెక్క, దిగితేనే లెక్క అని నా ప్రాణం తోడేసింది ఎవరమ్మా?"

"నేనే."

"నువ్వు దిగకుండానే?"

"దిగలేదు కాబట్టే."

కుర్చీలో కూర్చున్న మిసెస్ టిలరీకి అప్పుడు మాట్లాడే సందు దొరికింది. వంటింటి కిటికీలోంచి తను అంతా చూసిందట. విరిగిన చేతికి చెక్క గరిటె కట్టి, తుండుగుడ్డ చుట్టి, తనే కారులో ఆసుపత్రికి తీసుకెళ్లిందట. దారి పొడుగునా ఆ పిల్ల ఏడవలేదని, మీ కొలను పాడుచేశాను క్షమించండి, నన్ను ఆడుకోనిచ్చారు థాంక్స్ అని ఆ రెండు మాటలే మార్చి మార్చి అంటూ కూర్చుందని చెప్పింది. ఇన్నేళ్లకూ పండక్కి నెలిడా పంపే కార్డులో ఆ రెండో మాట మానలేదట.

అరసెలీ హెల్మెట్ తీసి, తల్లి పక్కన మెట్టు మీద కూర్చుంది. ఆమె ఎడమ చేతిని ఒళ్లోకి తీసుకుని, వంకర తిరిగిన మణికట్టు మీద బొటనవేలితో రాసింది. నెలిడా తల వంచుకుని తన బాధ చెప్పుకుంది. ఎందరో ఆడపిల్లలు ఉత్తరాలు రాశారట, మిమ్మల్ని చూసే మొదలుపెట్టామని. ఒక్కదానికీ జవాబు రాయలేకపోయింది. మోసం చేసి పొందిన మెప్పులా అనిపించేదట.

"అమ్మా, తొమ్మిదేళ్లప్పుడు ఆ ఫోటో కింద ఏం రాసుందో నేను చదవలేదు," అంది అరసెలీ. "నువ్వు గాల్లో ఉన్నావు. నేను చూసింది అంతే. మర్నాడు నాకూ బోర్డు కావాలన్నాను, నువ్వు నవ్వకుండా కొనిచ్చావు. నాకు దొరికిందంతా అక్కణ్నుంచే. దాన్ని మోసం అనకు."

నెలిడా చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుంది. అప్పుడు అరసెలీ అడిగింది, అసలెందుకు పడ్డావు అని.

నెలిడా క్షణం కూడా ఆలోచించలేదు. "గోడ విడవకముందే నిచ్చెన వైపు చూశాను. చూపు ఎటు పోతే భుజం అటు పోతుంది. నువ్వూ అదే చేస్తున్నావు, పొద్దున్నుంచీ చూస్తున్నా."

"మరి పొద్దుటే చెప్పొచ్చుగా!"

"నేను దిగాననుకుంటున్నావు. ఎలా పడతారో నాకు తెలుసని ఏ మొహంతో చెప్పను?"

అరసెలీ పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసి నెలిడాకూ నవ్వొచ్చింది. బస్సు నడిపే నల్ల బూట్లతోనే కొలను అడుక్కి దిగి, అవతలి మూల నిలబడింది. నిచ్చెన సంగతి మరిచిపో, నన్ను చూస్తూ రా అంది. అరసెలీ హెల్మెట్ మళ్లీ పెట్టుకుంది. మొదటిసారి వెనక చక్రాలు గట్టుకి తగిలి మోకాళ్ల మీద జారింది. రెండోసారి గోడ ఎక్కి, నిచ్చెన మీదుగా లేచి, తల్లి మీంచి చూపు తిప్పకుండా నాలుగు చక్రాల మీదా దిగింది. సరాసరి వెళ్లి నెలిడా కౌగిట్లో ఆగింది. పిల్ల గాల్లో ఉండగా ఒకటి, ఆ కౌగిలింతది ఒకటి ఫోటో తీశాను కానీ రెండోది కంపెనీకి పనికిరాదు. సగం మేర నెలిడా వీపే ఉంది.

మిసెస్ టిలరీ చప్పట్లు కొట్టి, తననూ కిందికి తీసుకెళ్లమంది. అరవై ఏళ్ల కిందట భర్త సరదాపడి తవ్వించిన కొలను అది. ఈత రాక ఆమె ఎప్పుడూ మెట్లు దాటి ముందుకు పోలేదట. తల్లీకూతుళ్లు చెరో చెయ్యీ పట్టుకుని, అడుగులో అడుగు వేయిస్తూ లోతు వైపు తీసుకెళ్లారు. ఆమె నీలం రంగు గోడను అరచేత్తో నిమిరి, హెరాల్డ్ ఇంత లోతు తవ్వించాడని నాకు తెలియనే తెలియదు అంది. బురిటోలు అక్కడే, కొలను అడుగున కూర్చుని తిన్నాం. ఆమెకు మాత్రం కుర్చీ వేశాం.

తిరుగు దారిలో అరసెలీ వెనక సీట్లో నిద్రపోయింది. నెలిడా నా పక్కన కూర్చుంది. కొత్త బోర్డు మీద ఏం రాయాలో తనే చెప్పింది, నిజమే రాయాలంది. 1991లో నెలిడా ఎగిరింది, పడింది. 2023లో అరసెలీ ఎగిరింది, దిగింది. ఇద్దరికీ చోటిచ్చింది మిసెస్ బెర్నీస్ టిలరీ. కంపెనీవాళ్లు తర్వాత కొంచెం నసిగినా చివరికి అలాగే వేశారు.

పొమోనా దగ్గరపడుతుండగా నేను ముప్పై రెండేళ్లు ఆలస్యంగా క్షమాపణ అడిగాను.

"నిన్ను చాలాసార్లు తిట్టుకున్నాను గ్లెన్. ప్రార్థనలో నీ పేరు కూడా చెప్పుకున్నాను. నువ్వు నిజం చెప్పి ఉంటే ఆ ఫోటో ఏ డబ్బాలోనో ఉండిపోయేది, ఇదిగో ఈ పిల్ల దాన్ని చూసేదే కాదు," అంది. తర్వాత, ముందు సిగ్నల్ దగ్గర కుడివైపు తిప్పమంది.