పది కౌంటర్లు, ఒక తెర

ఆసుపత్రి గేటు ఎదురుగా ఉన్న మందుల షాపులోంచి పోలీసులు పూటలమ్మను తీసుకుపోతుంటే రోడ్డుకు ఇవతల నిలబడి చూశాను. కౌంటర్ మీద పనిచేసే మనిషి. "ఇది పరగడుపున, ఇది తిన్నాక" అని ప్రతివాళ్లకూ రెండేసి సార్లు చెబుతుందని ఆ పేరు పడింది. యాప్రాన్ విప్పుకుంటానంటే విప్పుకోనివ్వలేదు. యజమాని లోపలే కూర్చున్నాడు, తొంగి కూడా చూడలేదు.

ఒక ముసలాయనకు గ్యాస్ మాత్రలకు బదులు షుగర్ మాత్రలు వెళ్లాయి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే వెండిరంగు రేకు, పక్కపక్క అరలు. షుగర్ లేని మనిషి పరగడుపున వేసుకుని స్పృహతప్పి పడిపోయాడు. ఎదుటి ఆసుపత్రిలోనే ఉన్నాడు, ఇంకా కళ్లు తెరవలేదు.

ఇదివరకైతే ఆ రేకు ఫార్మసిస్టు చేతిమీదుగా పోయేది. ఆ షాపు ఫార్మసిస్టును నేనే. పూటలమ్మ చీటీ పైకి చదివి మందు తీసేది, నేను చీటీతో సరిచూసి ఇచ్చేవాణ్ణి. ఆ తర్వాత ప్రభుత్వం చట్టం మార్చింది. ఫార్మసిస్టు షాపులో ఉండక్కర్లేదట, ఒక్కరే కంప్యూటర్ తెర ముందు కూర్చుని పది షాపుల్ని చూసుకోవచ్చట. దీనికి వాళ్లు పెట్టిన పేరు సౌలభ్యం. మా యజమానికి మాత్రం సౌలభ్యమే. వెంటనే తన పది షాపుల ఫార్మసిస్టుల్లో తొమ్మిదిమందిని పీకేసి, అందరికంటే పాతమనిషి పెద్దక్కను ఉంచుకున్నాడు. గోడ మీద ఫార్మసిస్టు సర్టిఫికెట్ లేకుండా షాపు తెరవకూడదన్న నిబంధన అలాగే ఉంది కాబట్టి, ఆవిడ సర్టిఫికెట్‌కు నకళ్లు తీయించి పది షాపుల్లోనూ తగిలించాడు. తెర కూడా ఆవిడ ఇంట్లోనే పెట్టించాడు, ఆఫీసు గది ఖర్చు ఎందుకని.

ఆ సాయంత్రం అందరం పెద్దక్క ఇంటికి చేరాం. పీకేసిన ఫార్మసిస్టులం, పది షాపుల్లోనూ పని దిగిన కౌంటర్ వాళ్లు. ఇంటినిండా జనం.

"యజమాని కాగితం పంపాడు," అంది పెద్దక్క. "తెరలో తప్పు పట్టుకుని చెప్పాను, ఆ పిల్లే వినలేదు అని సంతకం పెట్టాలట. పెడితే అది జైలుకు పోతుంది. పెట్టకపోతే నేను పోతాను."

"నిజంగా చూశావా అక్కా?" అడిగాను.

"ఎక్కడరా చూసేది? పది షాపుల చీటీలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. అరనిమిషంలో నేను నొక్కకపోతే దానంతటదే పచ్చదీపం వెలుగుతుంది. అది వెలిగితే మందు ఇచ్చేయాల్సిందే. ఆ చీటీ నా కంటపడనే లేదు."

మాలో ఒక బట్టతలాయన గొంతు సవరించుకున్నాడు. "ఎంతైనా చేత్తో ఇచ్చింది ఆ అమ్మాయేగా. చదువుకున్నవాళ్లం, కౌంటర్ మనిషి కోసం రోడ్డెక్కుతామా?"

కౌంటర్ వాళ్లలో ఒక పొడుగాయన లేచాడు. "చదువుకుని ఏం చేశారు సార్? సర్టిఫికెట్ అద్దెకిచ్చి ఇంట్లో కూర్చున్న సార్లు మీలో లేరా? ఫార్మసిస్టు లేకపోయినా షాపు నడుస్తుందని వీళ్లకు నేర్పిందెవరు? మీరు చాటుగా చేసిందాన్నే వాళ్లు చట్టం చేసుకున్నారు."

నాకు ఒళ్లు మండింది. కానీ ఏమని తిట్టను? తిలాపాపం తలా పిడికెడు.

అంతలో సర్టిఫికెట్ మీది పేరు పట్టుకుని వాకబు చేసుకుంటూ, తలుపు తోసుకుని ముసలాయన కొడుకు వచ్చాడు. మార్కెట్లో హమాలీ. "మా నాన్నకు ఆ మాత్రలిచ్చినవాళ్లు మీరేనా?" అన్నాడు, పిడికిళ్లు బిగించి.

పెద్దక్క అతని చెయ్యి పట్టుకుని తెర ముందు కూర్చోబెట్టింది. చీటీలు వస్తున్నాయి. ఆవిడ ఒకటి చదివేలోగా మరో మూడింటికి పచ్చదీపం వెలిగింది.

"ఇప్పుడు వెళ్లిపోయినవి మీరు చూశారా?"

"లేదు నాయనా."

"అవి ఏ ఇంటికి పోయాయో కూడా తెలీదా?"

"తెలీదు."

అతను తెర వైపు వేలు చూపించాడు. "మరి పట్టుకుపోవాల్సింది దీన్ని పెట్టినవాణ్ణి కదమ్మా," అన్నాడు.

షాపులన్నీ మూసేద్దాం అన్నాడు పొడుగాయన. హమాలీ ఒప్పుకోలేదు. "రేపు మందు కావలసినవాళ్లు ఎక్కడికి పోతారు? మీ కోపానికి వాళ్లు చావాలా?" దాని మీద గొడవ పడ్డాం, అరుచుకున్నాం. చివరికి తేలింది ఒకటే. తొమ్మిది షాపులు మూత. గేటు ముందుది తెరుస్తాం. ఫార్మసిస్టులందరం అక్కడే ఉంటాం.

పొద్దున్నే కౌంటర్ వాళ్లు తొమ్మిది చోట్లా గోడల మీది నకళ్లు దించి, షట్టర్లు వేసి వచ్చారు. గేటు షాపులో ఒకరు చీటీ చదివితే ఒకరు మందు తీశారు, మాలో ఒకరం సరిచూసి ఇచ్చాం. వరుస రోడ్డు దాకా పెరిగింది. ఒక్కరూ విసుక్కోలేదు.

యజమాని ఫిర్యాదు మీద పోలీసులు, వాళ్ల వెనకే మందుల తనిఖీ అధికారి వచ్చారు. పెద్దక్క యజమాని పంపిన కాగితాన్ని అందరి ముందూ చింపేసింది. "ఆ చీటీ నేను చూళ్లేదు. ఎవరూ చూళ్లేదు. మీ చట్టం చూడనివ్వలేదు," అంది.

"చూడలేదని ఒప్పుకుంటున్నావుగా, నడు," అన్నాడు పోలీసు ఇన్‌స్పెక్టర్. ఆవిడ చేతిలోని మందు ఎలా వేసుకోవాలో వరుసలో ముందున్న ఒక తల్లికి చెప్పడం పూర్తిచేసి, జీపెక్కింది.

"గోడ మీద పేరున్న ఫార్మసిస్టు లేకుండా షాపు నడపకూడదు. సీలు వేయండి," అన్నాడు అధికారి.

"అదేంటి సార్," అన్నాడు హమాలీ, "ఆవిడ ఇక్కడ ఉండక్కర్లేదని మీరేగా రాసుకున్నారు. స్టేషన్లో ఒక తెర పెట్టించండి, అక్కణ్ణుంచి చూస్తుంది."

వరుసంతా గొల్లుమంది. అధికారి మొహం కందగడ్డ అయింది. నేను కౌంటర్ వెనక నిలబడ్డాను. నా పక్కన బట్టతలాయన వచ్చి నిలబడి, "పెద్దక్క పేరు పక్కన నా పేరు కూడా రాసుకోండి," అన్నాడు. హమాలీ గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. వరుసలో వాళ్లు కూడా ఎక్కడివాళ్లక్కడ కూర్చున్నారు. తెచ్చిన సీలు తెచ్చినట్టే పట్టుకుపోయారు.

సాయంత్రం పూటలమ్మను వదిలారు. పెద్దక్కను వదల్లేదు. అది తెలిసి పూటలమ్మ స్టేషన్ మెట్ల మీదే చతికిలబడింది. మేమంతా వెళ్లి చుట్టూ కూర్చున్నాం. వేరే యజమానుల షాపుల కౌంటర్ వాళ్లు కూడా షట్టర్లు దించి ఒక్కొక్కరే వస్తున్నారు.

"నిన్ను వదిలేశాం కదా, ఇంకా ఇక్కడేం పని?" అన్నాడు కానిస్టేబుల్.

"మీరు వదిలారు సార్," అంది పూటలమ్మ. "మేం వదల్లేదు."