పైకప్పు వినేవాడు

భిక్షపతి ఊపిరి పీల్చడాన్ని కూడా ఒక డ్యూటీ కింద చేస్తున్నాడు. పొద్దున పది దాటింది. భూపాలపల్లి గని కార్మికుల క్వార్టర్లో మంచం మీద వెల్లకిలా పడుకుని, పొట్ట మీద రెండు చేతులూ పెట్టి, ముక్కుపుటాలు అదిరేలా గాలి లాగాడు. దగ్గు వచ్చింది. మళ్లీ లాగాడు. నిద్ర మాత్రం ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు.

నిద్ర పట్టడానికి దవాఖానలో నర్సు సంధ్య చెప్పింది ఇది కాదు పాపం. లాగొద్దు, బిగపట్టొద్దు, దానంతటది వచ్చి పోతుంటే ఊరికే చూస్తుండు బాపూ అంది. ఊరికే ఉండడం ఆయనకు చేతనైతే కదా! గంగారం అడవి పల్లె నుంచి ఇరవై రెండేళ్లప్పుడు వచ్చి గనిలో దిగాడు. ముప్పై ఏళ్లుగా ఒకటే పని. బొగ్గు తీసే చోట పొడుగాటి కడ్డీతో పైకప్పును తట్టి, చప్పుడు విని, కింద మనుషులు నిలబడొచ్చో లేదో చెప్పాలి. గట్టి రాయి ఖణేల్మంటుంది, ఊడిపడబోయేది డొల్లగా పలుకుతుంది. ఆ తేడా తెలియాలంటే ఊపిరి బిగపట్టి వినాలి. ఆయన మాట మీదే ఎనిమిది మంది లోపలికి అడుగు పెడతారు.

మూడు వారాలుగా కంటి మీద కునుకు లేదు. మొన్న మంగళవారం కప్పు తట్టి, బాగుంది రమ్మన్నాడు. ఎక్కడి బాగు! తోటి కార్మికుడు జితేందర్ కాలరు పట్టి వెనక్కి లాగకపోతే మంచమంత బండ నెత్తిన పడేది. జితేందర్ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అదే ఆయన్ని ఇంకా తినేస్తోంది. రెండింటికి షిఫ్టు బస్సు వస్తుంది. ఈలోగా కాస్తయినా నిద్రపోకపోతే ఇవాళ ఎవరి ప్రాణం తీస్తానో అని ఆయన భయం.

ఫ్యాను టక్కుమంది. వెంటనే ఊపిరి బిగపట్టాడు.

భార్య భద్రమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతూ ఇదంతా గమనిస్తోంది. ఫ్యాను టక్కుమన్నప్పుడల్లా ఆయన ఛాతీ కదలడం మానేస్తోంది, కళ్లు స్లాబు అంతా వెతుకుతున్నాయి. ఇన్నేళ్లూ ఈ మనిషి ఇంట్లో పడుకున్నా గనిలోనే ఉన్నాడని ఆమెకు అప్పుడు అర్థమైంది. చాట పక్కన పెట్టి, వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది.

"ఇగ నువ్వు ఇనకు. గీ కప్పు నేనింట. జర చప్పుడు మారినా లేపుత. నువ్వు పండు" అంది.

"నీకేం తెలుస్తది?"

"ముప్పై ఏండ్లు నీ గురక ఇన్న. గిది తెల్వదా?"

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటు ఊపిరి దానంతటదే బయటికి పోయింది, తీరిగ్గా తిరిగొచ్చింది. బస్సు వేళకు లేపమన్నాడు. ఆమె తలూపి, పైకి చూస్తూ కూర్చుంది. నిజంగానే విన్నది. ఫ్యాను మళ్లీ టక్కుమంది. ఈసారి ఆయన పొట్ట మీది చేతులు ఆగలేదు, మెల్లగా లేస్తూ దిగుతూ ఉన్నాయి.

రెండింటికి బస్సు హారను మోగింది. భద్రమ్మ ఒక చేయి ఆయన భుజం దాకా చాచి, వెనక్కి తీసుకుంది. లేచాక తిట్లు తప్పవు. ముప్పై ఏళ్లలో ఆయన చెప్పాపెట్టకుండా ఒక్క నాగా పెట్టలేదు. గేటు దాకా నడిచింది.

"ఇయ్యాల రాడు, జితేందర్. కప్పు ఇంకెవర్నన్న తట్టుమను. నిద్రవోయిండు."

బస్సు కిటికీలోంచి జితేందర్ ఆమె వైపు చూశాడు. అతని ముఖంలోంచి బరువు దిగిపోయింది.

"పండనియ్యి వదినా."

బస్సు కదిలింది. గుమ్మం పక్కన భిక్షపతి బూట్లు, లోపల సాక్సులు కుక్కి, మొనలు రోడ్డు వైపు తిరిగి ఉన్నాయి.