మెట్ల దగ్గర ముసలావిడ

ఇలా వచ్చి నా పక్కన కూర్చో అమ్మాయ్. ఆ ఉతికిన బట్టల కుప్ప కాస్త అవతలికి నెట్టు. చేతులు ఊరికే ఉంచకుండా ఆ సాక్సులకు జతలు కలుపుతూ విను. నేను చెప్పబోయేది రహస్యమేమీ కాదు గానీ, గొంతెత్తి చెప్పుకునేది కూడా కాదు.

మా మనవరాలు తెలుసుగా, పిచ్చుక అంటాం. పదహారేళ్ళది. దానికి పుస్తకాల పిచ్చి. అవి కూడా మామూలు కథలు కావు. ఎప్పుడో రాబోయే కాలంలో ఒక నగరం ఉంటుందట. అందులో ఎవరేం తినాలి, ఎన్ని మాటలు మాట్లాడాలి, ఎవరిని పెళ్ళాడాలి, అన్నీ పైవాళ్ళే తేలుస్తారట. చివరికి ఓ పిల్ల తలెత్తి కుదరదంటుందట. పుస్తకం మారితే నగరం పేరు మారుతుంది, ఆ పిల్ల జుట్టు రంగు మారుతుంది, తక్కిందంతా ఇంచుమించు అదే. "ఈ ఏడుపుగొట్టు కథలెందుకే, హాయిగా నవ్వుకునేవి చదవచ్చుగా" అని ఓసారి అడిగాను.

"ఇందులో ఆజ్ఞలన్నీ గోడ మీద అంటించి ఉంటాయి నానమ్మా. ఎక్కడ చింపాలో తెలుస్తుంది. మనింట్లో ఎవరూ ఏమీ రాసిపెట్టలేదు. అయినా రోజూ అమ్మే ఆఖర్న తింటుంది."

సూదిలో దారం ఎక్కించి ముడి వేసుకున్నాను. ఆఖర్న తినడం నేనూ చేశాను, మా అత్తగారూ చేసింది. ఎవరు పెట్టిన నియమం అని ఎన్నడూ అనుకోలేదు. ఆకలి చచ్చాక కూర్చుంటే తక్కువ సరిపోతుంది కదా అనుకునేదాన్ని, అంతే.

ఆ తర్వాత కొన్నాళ్ళకు భోజనాల దగ్గర పిచ్చుక తను తిన్న కంచం తీసి, కడిగి, బోర్లించి వచ్చి కూర్చుంది. మా అబ్బాయి ఎప్పటిలాగే తన కంచం దాని వైపు జరిపాడు. "నీది నువ్వు తీసుకో నాన్నా" అంది, గొంతు పెంచకుండానే. కోడలు తలొంచుకుని నవ్వు దాచుకుంది. మా వాడి మొహం మాత్రం కందగడ్డయింది.

మర్నాడు నా దగ్గరికొచ్చాడు. "అమ్మా, ఈ ఎదురు మాటలన్నీ ఆ పుస్తకాల్లోంచే వస్తున్నాయి. ఇంకోసారి అది చదువుతోందని తెలిస్తే లైబ్రరీ కార్డు వెనక్కిచ్చేస్తాను. మేమిద్దరం ఆఫీసులకు పోతాం. నువ్వెలాగూ ఖాళీగా ఉంటావు, కాస్త కనిపెట్టి చెబుతూండు" అన్నాడు.

ఖాళీ అన్నది నాకు కొత్త మాట కాదమ్మాయ్. మా ఆయన కూడా, నేను ఇంటిల్లిపాదికీ వండి, తోమి, ఉతికి, ఆరేసి, గుమ్మంలో ఒక్క నిమిషం కూలబడితే సరిగ్గా అప్పుడే వచ్చేవారు. "ఇంట్లో ఉండి చేసే పనేముందిలే నీకు" అనేవారు, తిట్టినట్టు కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు. ఇక మా అత్తగారు. ఆవిడ రోజంతా ముందు గదిలో కుర్చీ వేసుకుని నన్నే చూస్తుండేది. సాయంత్రం ఆయన చెప్పులు విప్పుతుండగానే మొదలు. "నీ పెళ్ళాం ఇవాళ కిటికీ దగ్గర నిలబడిందిరా, చాలాసేపు." "ఏముంది అక్కడ, ఎగ్జిబిషనా?" అనేవారాయన. ఏమీ లేదు, గాలి ఉండేది. ఆ మాట ఎవరితో అనను? మా అత్తగారి గుండె రాయి అనుకునేదాన్ని. ఆ కుర్చీలో నేను కూర్చున్నాక గానీ అర్థం కాలేదు. నా మీద ఏదో ఒకటి చెబుతున్నంతసేపూ కొడుకు ఆవిడ పక్కన కూర్చునేవాడు.

నాకూ అదే జరిగింది. అంతకు ముందు మా వాడు నాతో మాట్లాడేది "మందు వేసుకున్నావా" అని, అదీ జవాబు వినకుండానే. ఈ పని అప్పగించాక రోజూ ఆఫీసు నుంచి వస్తూనే స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చునేవాడు. "చెప్పమ్మా" అనేవాడు. ఎంత బావుండేదో. చెప్పడానికేమీ లేకపోయినా, ఫోన్లో నవ్విందనో, అద్దం ముందు నిలబడిందనో వెతికి చెప్పేదాన్ని, వాడు ఇంకాసేపు ఉంటాడని.

ఒకరోజు పిచ్చుక పుస్తకం పట్టుకుని తిన్నగా నా దగ్గరికే వచ్చింది. "నువ్వు కాపలా అని నాకు తెలుసులే నానమ్మా. కానీ చదవకుండా ఉండలేను. నీకూ చదివి వినిపిస్తా. అప్పుడు ఇద్దరం దొంగలమే" అంది. దాని తెలివి చూశావా. నేను చొక్కాలకు గుండీలు కుట్టుకుంటున్నాను, అది చదవసాగింది.

అందులో పిల్ల, గోడ మీద అంటించిన ఆజ్ఞ ఒకటి చింపి, కోటు లోపల దాచుకుని ఇంటికి వస్తోంది. ఆ నగరంలో ప్రతి భవనానికీ మెట్ల దగ్గర ఓ ముసలావిడని కూర్చోబెడతారు. వచ్చేపోయేవాళ్ళని చూడడమే ఆవిడ పని. చేతి పక్కన గంట ఉంటుంది. కొడితే భటులొస్తారు. ఆ పనికి ఆవిడకి అందరికంటే కాస్త ఎక్కువ పంచదార ఇస్తారు. పిల్ల మెట్లెక్కుతోంది. కోటు సందులోంచి కాగితం అంచు ముసలావిడ కంటబడింది.

పిచ్చుక టక్కున ఆగింది. నా వైపు చూడలేదు. నేనూ గుండీ మీద నుంచి కళ్ళెత్తలేదు.

"కొట్టిందా గంట?" అన్నాను.

"తెలీదు నానమ్మా. తర్వాతి అధ్యాయంలో ఉంటుంది" అని పుస్తకం మూసేసింది.

అంతలోనే వీధి తలుపు చప్పుడైంది. అది లోపలికి వెళ్ళిపోయింది. మా వాడు వచ్చాడు, స్టూలు లాక్కున్నాడు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. వాడి కణతల దగ్గర నెరిసిన వెంట్రుకలు అంత దగ్గరగా చూడడం నాకు ఈమధ్యే దొరికిన భాగ్యం. "ఏమ్మా, చదివిందా?"

ఆ ముసలావిడ ఏం చేసిందో అప్పటికి నాకింకా తెలియదు. తెలిస్తే కాస్త ధైర్యంగా ఉండేదేమో.

"ఆ పని నేను మానేశాను నాన్నా" అన్నాను.

"ఏ పని?"

"నువ్వు అప్పజెప్పిందే."

"ఊరికే కూర్చుని చూడడం కూడా ఒక పనేనా అమ్మా?"

"పనే. చాలా కష్టమైన పని. చదువుతోందిరా. నాకే చదివి వినిపిస్తోంది. దాని కార్డు వెనక్కిచ్చేస్తే ఇచ్చేయ్. నా పేరు మీద ఇంకోటి తీసుకుంటాం."

వాడు నా మొహంలోకి చాలాసేపు చూశాడు, ఎవరో కొత్త మనిషి వచ్చి కూర్చున్నట్టు. లేచి, స్టూలు తీసి గోడ పక్కన పెట్టేశాడు. అరవలేదు. కార్డు జోలికీ పోలేదు. కానీ ఆ స్టూలు మళ్ళీ నా ముందుకు రాలేదమ్మాయ్. "మందు వేసుకున్నావా" అంటాడు, వెళ్ళిపోతాడు. సాయంత్రాలు నాకు ఇంకా అలవాటు కాలేదు.

మర్నాడు పిచ్చుక తర్వాతి అధ్యాయం చదివింది. ముసలావిడ పిల్ల వైపు చూసి, గంట తీసి ఒళ్ళో పెట్టుకుని, కొంగు కప్పేసిందట. "చలిగా ఉంది, తొందరగా పైకి పో తల్లీ" అందట. నాకు కళ్ళు చెమర్చాయి.

తర్వాత అది స్కూలుకు వెళ్ళినప్పుడు, ఆ మాట ఇంకోసారి చూసుకోవాలనిపించి పుస్తకం తెరిచాను. నా చదువెంత, అక్షరాలు కూడబలుక్కుని చదవగలను. గుర్తు పెట్టుకున్న పేజీ మీద వేలు పెట్టి ఒక్కో మాటే దాటుకుంటూ వెళ్ళాను. కొంగు లేదు, చలి లేదు, తల్లీ అన్న పిలుపు లేదు. ముసలావిడ గంట కొట్టింది. పిల్లని పట్టుకుపోయారు. రెండోసారీ చదివాను. కొట్టింది.

పుస్తకం ఎక్కడిదక్కడ పెట్టేశాను. చూశానని దానికి ఇంతవరకూ చెప్పలేదు, చెప్పను కూడా.

నువ్వు నలుగురిలో తిరిగే పిల్లవి. ఎక్కడో ఎవరికో ఈ కథ చెప్పాల్సి వస్తుంది. మరిచిపోకుండా చెప్పు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పుస్తకంలో ఉన్నట్టు చెప్పకమ్మా, మా పిచ్చుక చదివినట్టు చెప్పు.