చెప్పకుండా వదిలేసిన సగం

అమెరికాలోని నేపర్‌విల్ ఊళ్లో తెలుగు క్రైస్తవులు ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధన జరుపుకునేవారు. ఆరాధన ముగిశాక పిల్లలకు నాలుగు మాటలు చెప్పడం ఇంజనీరు రత్నరాజు వంతు. చరిత్రలోంచో, ఆటలోంచో, టీవీలో చూసినదాంట్లోంచో ఒక నీతి తీసి చెప్పేవాడు.

1986 నవంబరులో బేస్‌బాల్ కథ ఎత్తుకున్నాడు. అంతకు వారం ముందు, ఏడు ఆటల ఫైనల్స్‌లో ఆరో ఆటప్పుడు, బాస్టన్ ఆటగాడి కాళ్ల సందులోంచి బంతి దూరిపోయి, ఆ రోజు ఆట న్యూయార్క్ గెలిచింది. రత్నరాజు వంగి, బంతి జారవిడిచినట్టు నటించాడు. హాలంతా నవ్వింది.

"చూశారా? ఒక్క క్షణం అజాగ్రత్త. ఏడాది కష్టం మట్టిపాలు."

వెనక వరసలో ఏసుపాదం లేచి బయటికి వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్తుంటే కార్‌లో భార్య దేవకుమారి అంది: "ఏసుపాదంగారు ఉన్నారని చూసుకోలేదాండీ?"

రత్నరాజుకు అప్పుడు గుర్తొచ్చింది. సెప్టెంబరులో ఏసుపాదం ఇంటి ముందు కారు రివర్స్ చేస్తూ, వెనక సైకిల్ మీదున్న కూతురు ప్రేమజ్యోతిని చూడలేదు. పిల్ల కాలు విరిగింది. ఆ రోజు నుంచి అతను స్టీరింగ్ పట్టలేదు. ఆసుపత్రిలో అతని భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన చేసింది రత్నరాజే. అదంతా మరిచిపోయి నవ్వించాడు.

అంతకన్నా నొప్పించింది ఇంకొకటి. ఆ ఆట మిగతా సగం అతనికి తెలుసు. చెబితే నీతి పలచబడుతుందని వదిలేశాడు.

మర్నాడు ఆఫీస్ నుంచి నేరుగా ఏసుపాదం ఇంటికి వెళ్లాడు.

"తప్పు చేశాను తమ్ముడూ. నిన్ను తలుచుకుని అనలేదు. అసలు తలుచుకోకపోవడమే తప్పు."

"మీరు అబద్ధం చెప్పలేదుగా అన్నా. ఒక్క క్షణమే. నిజమే."

"నేను చెప్పింది సగమే. ఆ బంతి పోయేసరికే స్కోరు సమానమైపోయింది. అంతకుముందున్న ఆధిక్యం పోగొట్టింది అతను కాదు, మిగతావాళ్లు. తర్వాతి ఆటకి టీమ్ అతన్ని పక్కన కూర్చోబెట్టలేదు, మళ్లీ ఆటలోకి దించింది."

"మరి గెలిచారా?" అని అడిగాడు ఏసుపాదం.

ఓదార్పుకోసం అబద్ధమాడాలనిపించింది. "లేదు. ఓడిపోయారు."

"అయినా ఆడాడు," అన్నాడు ఏసుపాదం.

తర్వాతి ఆదివారం రత్నరాజు మిగతా సగం కూడా చెప్పి, పోయినవారం దాచిపెట్టినందుకు పిల్లల ముందే క్షమాపణ అడిగాడు. ఎవరూ నవ్వలేదు. ఏసుపాదం ఆ రోజు రానేలేదు.

పిల్ల కట్టు విప్పే రోజు దగ్గరపడిందని విని రత్నరాజు ఫోన్ చేశాడు. "నేను డ్రైవ్ చేసి తీసుకెళ్తాను."

"వద్దన్నా. జ్యోతి నన్నే డ్రైవ్ చేయమంటోంది. చేతులు వణుకుతున్నాయి గానీ, వెళ్తాను."

మంచిదన్నాడు రత్నరాజు. ఫోన్ పెట్టేశాక కూడా అక్కడే నిలబడ్డాడు. ఆ వణుకులో కొంత తన పాలు కూడా ఉందని అతనికి తెలుసు.